మామ, మైకు, మా ఊరి ప్రశ్నలు

తిరుపతిలో సాయంత్రం ఆరింటికని కరపత్రంలో వేసిన ఎర్రజెండా సభ ఏదీ నాకు తెలిసి ఆరింటికి మొదలవలేదు. ఆరున్నరకు షామియానా కుర్రాళ్లు కుర్చీలు దించేవాళ్లు. ఏడవుతుండగా మైకు సెట్టు వచ్చేది. ప్రజానాట్యమండలి పిల్లలు డప్పు కాచుకుని రెండు పాటలు పాడేసరికి ముందు వరస నిండేది. ఆ ముందు వరస ఎప్పుడూ వాళ్లే. ఎల్ఐసీ వాళ్లు, బ్యాంకు యూనియన్ వాళ్లు, రిటైరైన టీచర్లు కొందరు, ఖాకీ చొక్కా మార్చుకోకుండా డ్యూటీ దిగి నేరుగా వచ్చేసిన ఆర్టీసీ వాళ్లు. వెనక వరసల్లో ఎవరు కూర్చుంటారో మాత్రం చెప్పలేం. నాలుగుకాళ్ల మండపం దగ్గర సభ పెడితే గుండు చేయించుకుని కొండ దిగొచ్చిన యాత్రికులు కూడా కాళ్లు లాగి కాసేపు కూలబడేవాళ్లు. వాళ్లలో సగం మంది తమిళులు. ఒకసారి వక్త ప్రపంచ బ్యాంకు షరతుల మీద ఊగిపోతుంటే, పక్కనున్న పెద్దాయన గోవిందరాజస్వామి గుడి ఎన్నింటికి మూస్తారని నన్ను అరవంలో అడిగాడు.

నేను తిరుపతికి వచ్చింది 1994లో, డిగ్రీ చదవడానికి. మాది పుత్తూరు దగ్గర పల్లె. నాయనకు ఇంట్లోనే నాలుగు మరమగ్గాలుండేవి. నూలు సావుకారుది, మగ్గం మాది, కరెంటు బిల్లు మాది, నేసిన గుడ్డ మళ్లీ సావుకారుది. మీటరుకు ఇంత అని కూలి. ఈ ఏర్పాటులో ఎవరికెంత మిగులుతోందని మా ఇంట్లో ఎవరమూ ఎప్పుడూ లెక్క వేయలేదు. పొద్దున లేస్తే మగ్గాల చప్పుడు, రాత్రి ఆగితే నిద్ర. అంతే.

లెక్క వేయడం మా మేనమామ పిచ్చి. ఆయన ఎల్ఐసీలో గుమాస్తా, కొర్లగుంటలో కాపురం. నేను వాళ్లింట్లోనే ఉండి చదువుకున్నాను. ఆఫీసు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, "ఏమబ్బోడా, ఖాళీనేనా? రా, అట్లా మీటింగు కాడికి పోయొద్దాం" అనేవాడు. ఖాళీ లేదని చెప్పే ధైర్యం నాకెక్కడిది, తింటున్నది ఆయన తిండి. "వాణ్ణన్నా చదువుకోనీ, నీ జతకు తీసకపోయి చెడపొద్దు" అని అత్త వంటింట్లోంచి అరిచేది. అప్పటికి మేం వీధి మలుపు తిరిగేసేవాళ్లం.

ఆ రోజుల్లో ఎల్ఐసీ వాళ్లందరిదీ ఒకటే గుబులు. 1993లో వేసిన మల్హోత్రా కమిటీ మరుసటేడు రిపోర్టు ఇచ్చింది, బీమాలోకి ప్రైవేటు కంపెనీల్ని రానివ్వమని. మామ సంతకాల కాగితాలు సంచిలో వేసుకుని బేరివీధి, తిలక్ రోడ్డు షాపులన్నీ తిరిగేవాడు. ప్రతి షాపులోనూ అదే కథ, అక్షరం పొల్లుపోకుండా. 1956లో బీమాను జాతీయం చేసినప్పుడు దేశంలో ఉన్న 245 బీమా కంపెనీలు, ప్రావిడెంట్ సొసైటీలు కలిపి ఎల్ఐసీ చేశారని, అంతకుముందు వాటిలో ఎన్నో జనం డబ్బు మింగి మూతపడ్డాయని, కొత్త సంస్థకు ప్రభుత్వం పెట్టిన మూలధనం 5 కోట్లేనని చెప్పేవాడు. "ఐదు కోట్లు పెట్టినారు, ఈపొద్దు అదే సర్కారుకు ఎదురు అప్పిస్తా ఉండాది. దీన్ని ఒకరికి అప్పజెప్తామంటే ఎట్లబ్బా?" అని ముగించేవాడు. షాపువాళ్లు గబగబా సంతకం పెట్టేవాళ్లు. వాళ్లంతా ఒప్పుకుని పెట్టారని మామ నమ్మకం. సంతకం పెడితే ఈయన తొందరగా పోతాడని పెట్టారని నా అనుమానం. చివరికి 1999లో బీమా నియంత్రణ చట్టం రానే వచ్చింది, ప్రైవేటుకు తలుపు తెరుచుకుంది. ఆ రోజు మామ ఇంటికొచ్చి రేడియో వార్తలు విని, మాట్లాడకుండా అన్నం తిని పడుకున్నాడు. మర్నాడు మళ్లీ మీటింగు.

ఇప్పుడు మా వయసు వాళ్లు కలిస్తే ఆ సభల్ని తలుచుకుని తెగ మురిసిపోతారు. నిజం చెప్పాలంటే వాటిలో ముప్పాతిక వంతు విసుగు. సభాధ్యక్షుడు "రెండే రెండు మాటలు" అని మొదలుపెట్టి అంతర్జాతీయ పరిస్థితి, జాతీయ పరిస్థితి, రాష్ట్ర పరిస్థితి, ఇదే వరసలో మెట్లు దిగి వచ్చేవాడు. మా ఊరి పరిస్థితి దగ్గరికొచ్చేసరికి టైము అయిపోయేది. ఒకాయన సామ్రాజ్యవాదం అనకుండా మంచినీళ్లు కూడా అడగలేడని మామే నవ్వేవాడు. 1964లో విడిపోయిన రెండు కమ్యూనిస్టు పార్టీలూ ఒకే అంశం మీద వారం తేడాతో వేర్వేరు సభలు పెట్టేవి. అదే షామియానా, అదే మైకువాడు. జెండా మీద గుర్తులో చిన్న తేడా. రెండింటికీ పోయేవాళ్లను రెండు వైపులా అనుమానంగా చూసేవాళ్లు, మామ లాంటి యూనియన్ మనుషులకు మాత్రం మినహాయింపు.

నేనొచ్చేసరికి సోవియట్ యూనియన్ పోయి మూడేళ్లు కావస్తోంది. పుస్తకాల షాపులో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాల ఆఖరి నిల్వ ఉండేది. గట్టి అట్ట, కుట్టు బైండింగు, పది పన్నెండు రూపాయల ధర. ఇక రావని అందరికీ తెలుసు కాబట్టి చదవనివాళ్లు కూడా కొనేవాళ్లు. అలా కొన్నవాళ్లలో నేనొకణ్ణి. రాజకీయ అర్థశాస్త్రం మీద లావుపాటి పుస్తకం మొదటి అధ్యాయం దాటలేదు. అత్త దాన్ని కుట్టుమిషను ఊగకుండా కాలి కింద పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మిగిలిన ఆ పావు వంతు కోసమే ఇదంతా రాస్తున్నాను.

యూనివర్సిటీలో ఎకనామిక్స్ చెప్పే సారొకాయన ఉండేవాడు. ఊగడు, అరవడు. మైకు ముందు చేతులు కట్టుకుని నిలబడి క్లాసు చెప్పినట్టే చెప్పేవాడు. ఎక్కడికి పిలిచినా నల్లబల్ల కావాలని అడిగేవాడు. బైరాగిపట్టెడలో ఒక చిన్న హాల్లో ఆయన దారిద్ర్యరేఖ మీద మాట్లాడిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. పేదవాడంటే ఎవరు, ఆ గీత ఎవరు గీశారు, దేంతో గీశారు అని అడుగుతూ పోయాడు. ప్రణాళికా సంఘం వేసిన బృందం 1979లో ఖాయం చేసిన లెక్క అది. మనిషికి రోజుకు పల్లెలో 2400 కేలరీలు, పట్నంలో 2100. 1973-74 నాటి ధరల్లో అంత తిండి తినే మనిషి నెల ఖర్చు పల్లెలో 49 రూపాయల 9 పైసలు, పట్నంలో 56 రూపాయల 64 పైసలు. ఆ తర్వాత ధరలు పెరిగిన కొద్దీ ఆ అంకెను పెంచుకుంటూ వచ్చారు. "కానీ పెంచిన ఆ డబ్బుతో ఇవాళ నిజంగా అంత తిండి వస్తోందా? అది మాత్రం తిరిగి చూళ్లేదు. ఇంటద్దె, డాక్టరు, బస్సు, ఇస్కూలు, ఇవన్నీ ఆ డబ్బులోంచే పోవాలి కదా" అన్నాడు. ఎడంపక్క కేలరీలు, కుడిపక్క రూపాయలు రాసి, మధ్యలో పెద్ద ప్రశ్నార్థకం వేశాడు.

ప్రశ్నలుంటే అడగండి అన్నారు. మామూలుగా ఆ మాటకు ముందు వరసలోంచి ఒకాయన లేచి, ప్రశ్న అని చెప్పి ఇంకో ఉపన్యాసం ఇచ్చేవాడు. ఆ రోజు గోడవారన నిలబడ్డ ఆడమనిషి చెయ్యెత్తింది. సత్రంలో గదులు ఊడ్చే పని ఆమెది. యూనియన్ వాళ్లు తీసుకొచ్చారు.

"సార్, నాదొక మాట. ఆ రెండు వేల నూరు అనేది ఇంటికా, మనిషికా?"

"మనిషికమ్మా."

"ఏ మనిషికి సార్? మా ఇంట్లో అందరూ తిన్నాక నేను కడాకు తింటా. కుండలో ఏం మిగిలింటే అది. మీ రాసుకునేటోళ్లు వచ్చి కుండ చూసి పోతారా, నా తట్ట చూసి పోతారా?"

సారు ఓపిగ్గా చెప్పాడు. ఇంటి మొత్తం ఖర్చు అడిగి రాసుకుంటారని, ఇంట్లో ఉన్న మనుషుల లెక్కతో దాన్ని భాగిస్తారని.

"భాగించింది ఎవురు సార్? నాకైతే రాలేదే."

హాలంతా గొల్లుమంది. సారు నవ్వలేదు. చాక్‌పీసు చేతిలో తిప్పుకుంటూ కాసేపు బల్ల వైపు చూసి, "ఈమె అడిగింది సరైన ప్రశ్న. మా సర్వేలు ఇంటి గడప దగ్గర ఆగిపోతాయి. లోపల ఎవరు ఎంత తిన్నారో చెప్పే లెక్క ఇందులో లేదు" అన్నాడు. ఆమె ఇంకా ఏదో అడగబోతే అధ్యక్షుడు సమయాభావం అని అందుకున్నాడు. ముందు వరసలో ఆయన ప్రశ్నకు మాత్రం ఎప్పుడూ సమయాభావం ఉండేది కాదు. తర్వాత చాన్నాళ్లు నేను ఆ సారు ఉపన్యాసాలు విన్నాను. దారిద్ర్యరేఖ వచ్చినప్పుడల్లా "బైరాగిపట్టెడలో ఒకామె అడిగింది" అని ఆ మాట తప్పకుండా చెప్పేవాడు. వేదిక మీద మాత్రం అప్పటికీ ఆడవాళ్లు వందన సమర్పణకో, పాటకో వచ్చేవాళ్లు. పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్లు మూయించి రాష్ట్రాన్నే కదిపి అప్పటికి మూడు నాలుగేళ్లయినా, వాళ్ల గురించి మైకులో మాట్లాడేది మాత్రం మగవాళ్లే.

ఇంకో ప్రశ్నకు అయితే వేదిక మీదున్నవాళ్లకు అసలు జవాబే దొరకలేదు. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల ఊచకోత జరిగాక యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి వచ్చే కుర్రాళ్ల తీరు మారింది. వ్యవసాయ కూలి రేట్ల మీద సభ జరుగుతుంటే ఒక కుర్రాడు లేచి, "మా ఊర్లో కూలి పెరిగింది సార్, టీ కొట్లో మా గ్లాసు మాత్రం వేరేగానే ఉంది. దీనికి ఏ పోరాటం?" అని అడిగాడు. వక్త భూమి సమస్య తీరితే అన్నీ వాటంతట అవే తీరుతాయన్నట్టు ఏదో చెప్పాడు. ఆ కుర్రాడు మళ్లీ మా సభల్లో కనబడలేదు, అంబేద్కర్ సంఘం సభల్లో కనబడ్డాడు. 1998లో కుల వివక్ష మీద పోరాడ్డానికే ప్రత్యేకంగా సంఘం పెట్టి, రెండు గ్లాసుల పద్ధతి ఉన్న ఊళ్లకు పోవడం మొదలుపెట్టాక మాట తీరు మారింది. మామ దీని మీద చాలాకాలం మొండికేశాడు. ఆయన పాత కాలం మనిషి, అన్నిటికీ జీతం స్లిప్పులోనే జవాబు ఉంటుందనుకునేవాడు.

సంస్కరణల మీద గొడవ మా జిల్లాలో సొంతింటి గొడవలా ఉండేది. అప్పటి ముఖ్యమంత్రి మా జిల్లా మనిషే, చంద్రగిరి పక్కన నారావారిపల్లె. మా ఎస్వీ యూనివర్సిటీలోనే ఎంఏ ఎకనామిక్స్ చదివిన చంద్రబాబు. పొగిడేవాళ్లూ ఆ మాటే చెప్పేవాళ్లు, తిట్టేవాళ్లూ ఆ మాటతోనే మొదలుపెట్టేవాళ్లు. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. మరుసటేడు బోర్డును రెండు సంస్థలుగా విడగొట్టారు. 2000లో పంపిణీని నాలుగు కంపెనీలుగా చీల్చారు. అందులో దక్షిణ ప్రాంతపు కంపెనీ హెడ్డాఫీసు మా తిరుపతిలోనే. ఆ ఎండాకాలంలో కొత్త చార్జీలు వచ్చిపడ్డాయి.

మామ ఒక సభను పుత్తూరుకు మోసుకొచ్చాడు. నూలు రంగు అంటిన చేతులతోనే మగ్గాల వాళ్లంతా వచ్చారు. మాట్లాడింది రిటైరైన కరెంటు ఇంజనీరు ఒకాయన. క్రాస్ సబ్సిడీ అంటే ఏమిటో నాకు అర్థమైంది ఆ రోజే. ఫ్యాక్టరీల దగ్గర, పెద్ద షాపుల దగ్గర యూనిట్‌కు ఎక్కువ తీసుకుని, ఆ మిగులుతో ఇళ్లకు, బావుల కింది సేద్యానికి తక్కువకిస్తారు. ఎవరి కరెంటు ఖర్చు వాళ్లే కట్టాలన్నది సంస్కరణ చెప్పే మాట. ఇంతవరకూ ఆయన చక్కగా చెప్పాడు.

మా నాయన లేచాడు. సభల్లో ఆయన నోరు తెరవడం అంతకుముందు నేను చూళ్లేదు. "అయ్యా, మా మగ్గాలు ఇంట్లోనే ఉండాయి. మగ్గం పక్కనే పొయ్యి, పొయ్యి పక్కనే పడక. మాది ఇల్లా, ఫ్యాక్టరీనా? తక్కువ కట్టేటోళ్లలో ఉండామా, ఎక్కువ కట్టేటోళ్లలోనా?"

ఇంజనీరు గారు అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పి గట్టెక్కి ఉండొచ్చు. అలా చెప్పలేదు. "మీ మీటరు ఏ కేటగిరీలో ఉందో చూడకుండా చెప్తే తప్పవుతుంది. బిల్లు మీద నంబరు ఇవ్వండి, కనుక్కుని రాస్తా" అన్నాడు. రాజకీయ సభలో తెలియదన్న మాట వినడం నాకు అదే మొదలు. కొన్నాళ్లకు నిజంగానే పోస్టుకార్డు వచ్చింది. సన్నటి అక్షరాలు, అంచుల దాకా. కేటగిరీలు విడమరిచి రాసి, కింద ఇంకో సంగతి రాశాడు. 1999లో ఏర్పడ్డ విద్యుత్ నియంత్రణ మండలి చార్జీలు ఖరారు చేసే ముందు బహిరంగ విచారణ పెట్టాలని, ఎవరైనా సరే తమ అభ్యంతరం రాసి పంపవచ్చని, అక్కడికి పోయి మాట్లాడవచ్చని, దానికి వకీలు అక్కర్లేదని. మామ ఆ కార్డు పట్టుకుని మగ్గాల వాళ్లందరి చేతా అభ్యంతరాలు రాయించాడు. ఏం ఒరిగిందంటే పెద్దగా ఏమీ లేదు. కానీ మా నాయన అప్పటి నుంచి బిల్లు రాగానే నా చేతికివ్వడం మానేసి, ముందు తనే కళ్లద్దాలు పెట్టుకుని వెనకా ముందూ చదివేవాడు. సావుకారు చీటీ కూడా అలాగే చదవడం మొదలుపెట్టాడు. దాంతో ఆయనకూ సావుకారుకూ కొంత చెడింది.

ఆ ఏడు ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపుకు వ్యతిరేకంగా తీసిన ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. తర్వాత మా ఊళ్లో జరిగిన సభలకు కుర్చీలు చాలలేదు. 2004లో కొత్త ప్రభుత్వం వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలు మీద మొదటి సంతకం పెట్టింది. మా మగ్గాల వాళ్లు అది టీవీలో చూసి, బాగానే ఉందబ్బా అనుకున్నారు.

మామ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. సభల్లో విన్న అంకెలన్నీ అందులో ఎక్కేవి. కిలో బియ్యం 1983లో 2 రూపాయలు, 1996లో 3 రూపాయల 50 పైసలు, 2008లో మళ్లీ 2, 2011లో 1. ఈ నాలుగు అంకెలు ఒకదాని కింద ఒకటి రాసి, పక్కన అప్పటి ముఖ్యమంత్రుల పేర్లు రాసి పెట్టాడు. ఆ కింద 77 శాతం అని ఎర్ర సిరాతో ఉంటుంది. అసంఘటిత రంగం మీద అర్జున్ సేన్‌గుప్తా కమిషన్ 2007లో చెప్పిన లెక్క అది. దేశంలో 77 శాతం మంది, అంటే 83 కోట్లకు పైగా, రోజుకు 20 రూపాయల లోపు ఖర్చుతో బతుకుతున్నారని. అది వచ్చాక ఏళ్ల తరబడి ఏ వక్త నోట విన్నా ఆ ఇరవై రూపాయలే. లెక్క 2004-05 సర్వేదని, ఈలోగా ధరలు ఎక్కడికో పోయాయని ఎవరూ చెప్పేవాళ్లు కాదు. నిజం ఎంత పదునైనదైనా తేదీ చెరిపేసి వాడితే మొద్దుబారుతుంది. ఈ విషయంలో నాకూ మామకూ పెద్ద వాదనే జరిగింది.

ఎకనామిక్స్ సారు రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడూ మాట్లాడేవాడు. ఆయన దగ్గర నేను ఆఖరుసారి విన్నది పన్నుల గురించి. పెద్ద ఆస్తులు వారసులకు దక్కేటప్పుడు కట్టాల్సిన ఎస్టేట్ డ్యూటీని 1985లో ఎత్తేశారు. సంపద పన్నును 2015 బడ్జెట్‌లో ఎత్తేశారు. వసూలయ్యేది తక్కువ, వసూలు ఖర్చు ఎక్కువన్నది రెండింటికీ చెప్పిన కారణం. "వసూలు కాని పన్నును సరిచేయొచ్చు, తీసేయొచ్చు. రెండుసార్లూ తీసేశారు. మనం రెండుసార్లూ సభ పెట్టలేదు" అన్నాడు. ముందు వరస కదల్లేదు. ధరల మీద, చార్జీల మీద రోడ్డెక్కిన మనుషులే అందరూ. పైనున్నవాళ్ల దగ్గర ఎంత పోగుపడుతోందో మాత్రం ఎవరికీ పట్టలేదు. మన దేశంలో పైనున్న ఒక్క శాతం మంది చేతిలో 40.1 శాతం సంపద ఉందని, దేశం ఆదాయంలో 22.6 శాతం వాళ్లకే పోతోందని 2022-23 లెక్కతో పరిశోధకులు 2024లో బయటపెట్టినప్పుడు నాకు ఆ సారు మాటే గుర్తొచ్చింది. చెబుదామంటే ఆయన లేడు.

మామ ఉన్నాడు, డెబ్బై దాటాయి. 2022 మేలో ఎల్ఐసీలో 3.5 శాతం వాటా ప్రభుత్వం అమ్మింది. షేరు 949 రూపాయలు, పాలసీదారులకు 60 తగ్గింపు. దాదాపు 20,500 కోట్లు వచ్చాయి. బెంగళూరులో ఉండే మామ కొడుకు తండ్రి పేరు మీద పాలసీదారుల కోటాలో దరఖాస్తు పెట్టేశాడు, అడిగితే ఒప్పుకోడని అడగలేదు. షేర్లు ఖాతాలో పడ్డాక ఇంట్లో రెండు రోజులు మాటల్లేవని అత్త ఫోన్‌లో చెప్పింది. మూడో రోజు మామే ఫోన్ చేశాడు. "అబ్బోడా, దీని మీద ఒక మీటింగు పెట్టాల. హాలు చూస్తా ఉండా. నువ్వు కరపత్రం రాయి." రాశాను. 245 కంపెనీల సంగతి, 5 కోట్ల సంగతి లేకుండా రాశానని తిప్పి పంపాడు. అవి చేర్చేసరికి కరపత్రం రెండు వైపులా నిండింది.

జూన్ నెలాఖరులో సభ జరిగింది. ముందు వరసలో నాకు తెలిసిన ముఖాలు సగమే, వాళ్లలోనూ ఇద్దరు చేతికర్రలతో. అధ్యక్షత మామదే. రెండే రెండు మాటలు అని మొదలుపెట్టి 1956లోకి పోయాడు. ప్రశ్నలన్నప్పుడు వెనక నుంచి ఒక కుర్రాడు లేచాడు, మెడలో ఏదో కంపెనీ ఐడీ కార్డు తాడు.

"అంకుల్, ఏమనుకోవద్దు. మీరు కూడా షేర్లు కొన్నారంట కదా?"

ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి వాణ్ణి చూశారు. పక్కన కూర్చున్న కార్యదర్శి సమయాభావం అనడానికి మైకు అందుకోబోయాడు. మామ మైకు వదల్లేదు.

"కొన్నా నాయనా. మావాడు నా పేరుతో కొన్నాడు. షేరుకు రెండొందల పైనే పోయింది కూడా. కూర్చో, అదెట్ల పోయిందో ముందు అదే చెప్తా."